విజిటర్స్ బుక్కులో మల్లేశ్వరి

"గదిలో గ్లాసులు రెండు. ఒకటి ఖాళీ, ఒకటి నిండా పాలు. మనిషి ఒక్కడే దిగాడంటున్నావు. మరి రెండో గ్లాసు ఎవరికయ్యా, పానకాలూ?"

ఇన్‌స్పెక్టర్ కోటిలింగం ఆ మాట అడిగి ఆరో నంబరు గది గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆయనా, డిటెక్టివ్ పానకాలూ ఒకప్పుడు ఒకే బ్యాచిలో ఎస్సైలు. పానకాలు పదేళ్ల క్రితం ఉద్యోగం వదిలి గుంటూరులో సొంత ఆఫీసు పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఇద్దరూ ఒకే కేసులో ఎదురుపడటం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ కోటిలింగం ఓడిపోయాడు. ఆ సంగతి ఆయన మరిచిపోలేదు.

పానకాలు గది చూస్తున్నాడు. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి అద్దం. కిటికీకి లోపలినుంచి గడియ. మంగళవారం పొద్దున ఏడింటికి ఈ మంచం పక్కన నేలమీద జోసఫ్ మాస్టారి శవం దొరికింది. ఖాళీ గ్లాసు అడుగున మిరియాల పొడి, దాంతోపాటు పత్తి చేలకి కొట్టే పురుగుమందు.

వేటపాలెంలో ముప్పై ఏళ్లు డ్రాయింగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి ఆయన. శనివారం, అంటే 1986 ఫిబ్రవరి ఎనిమిదో తేదీన, స్కూటరు మీద ఒంటరిగా బయల్దేరాడు. ఊరూరా ఉన్న మ్యూజియాలు చూసొస్తానని కూతురితో చెప్పాడు. శనివారం రాత్రి గుంటూరు లాడ్జిలో, ఆదివారం అమరావతి చూసుకుని రాత్రికి పిడుగురాళ్ల లాడ్జిలో పడుకున్నాడు. సోమవారం ఇక్కడికి, నాగులేరుపాడుకి వచ్చాడు. ఇక్కణ్ణించి వినుకొండ వెళ్లాలి. వెళ్లలేదు.

ఆ కూతురు దేవకుమారి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. పాతికేళ్లుంటాయి. మిషన్ స్కూల్లో టీచరు. నిన్న పానకాలు ఆఫీసుకి వచ్చి ఒక్కటే అడిగింది: "ఆ మనిషెవరో నాకు తెలియాలండి. నాన్నని చంపిందో లేదో తర్వాత. అసలు ఎవరో తెలియాలి."

ఆ మనిషి పేరు మల్లేశ్వరి.

పానకాలు లాడ్జి మేనేజరు చెంచయ్యని పిలిచాడు.

"మాస్టారు ఎన్నింటికి వచ్చారు?"

"మధ్యాన్నం మూడింటికి సామాను పెట్టి, మ్యూజియం ఎటని అడిగి వెళ్లారండి. ఐదుంబావుకి తిరిగొచ్చారు."

"ఎవరైనా వెంట ఉన్నారా?"

"లేరండి. ఒక్కరే. బాగా దగ్గుతున్నారు. మాట కూడా సరిగా రావడం లేదు."

"తర్వాత గదికి ఎవరొచ్చారు?"

చెంచయ్య ఇన్‌స్పెక్టరు వంక చూశాడు. "ఆరింటికి నేను ఇంటికెళ్లానండి. ఏడింటికి వచ్చాను. ఆ గంటా కౌంటరు దగ్గర ఎవరూ లేరు. వచ్చేసరికి ఆయన గది తలుపు మూసుంది. పడుకున్నారనుకున్నాను."

"ఆ గంటలోనే వచ్చింది," అన్నాడు కోటిలింగం. "పాలు కలిపింది. ఆయనకి ఇచ్చింది. తను తాగినట్టు నటించడానికి రెండో గ్లాసు పోసుకుంది. ముట్టుకోలేదు. నా మాట మీద నీకు నమ్మకం లేకపోతే ఇది చూడు."

ఆయన మాస్టారి బ్యాగులోంచి ఒక చీర తీసి మంచం మీద పడేశాడు. ఆకుపచ్చ నూలు చీర, ఎర్రంచు.

"ఇది మీ అమ్మదేమోనని ఆ అమ్మాయిని అడిగాను. తను ఎప్పుడూ చూడలేదంది. భార్య పేరు రెబ్కా. చచ్చిపోయి ఎనిమిది నెలలైంది. ఈయన గుంటూరులోనూ అమరావతిలోనూ విజిటర్స్ బుక్కుల్లో ఏం రాశాడు? 'మళ్లీ వచ్చాం. జోసఫ్, మల్లేశ్వరి.' వచ్చాం అని రాశాడయ్యా, వచ్చాను అని కాదు."

"అది పేపరుకి కూడా చెప్పావుగా."

"అడిగారు, చెప్పాను."

బయట బెంచీ కదిలిన చప్పుడైంది. దేవకుమారి లేచి వరండా చివరికి వెళ్లి నిలబడింది.

పానకాలు చీరని మెల్లగా విప్పాడు. వాళ్లది మంగళగిరి. ఇంట్లో మగ్గం ఉండేది. పదిహేనేళ్లు వచ్చేదాకా అతను పడుగూ పేకల మధ్యే పెరిగాడు. చీరని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. మడతల గీతల వెంట మాత్రం రంగు వెలిసి, నూలు నలిగిపోయి ఉంది. మిగతా గుడ్డ కొత్తదిలా మెరుస్తోంది. కలరా ఉండల వాసన గుప్పుమంది.

"కోటిలింగం, ఇలా రా. కుచ్చిళ్లు దోపే చోట ఒక్క ముడత కూడా లేదు. కొంగు మీద చెమట మరక లేదు. ఈ చీర ఏళ్ల తరబడి ఒకే మడత మీద పెట్టె అడుగున ఉంది. మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది చూడు. ఈ ప్రయాణంలో దీన్ని ఏ ఆడమనిషీ కట్టలేదు."

"కట్టకపోతే బ్యాగులో ఎందుకు పెట్టుకున్నాడు?"

"అదే తెలుసుకోవాలి. ఇంకొకటి. ఈ అంచు నేత మా వాళ్లు మానేసి పాతికేళ్లు దాటింది. ఇది కట్టుకున్న మనిషి ఇప్పుడు పడుచుది అయ్యుండదు. నువ్వు బస్టాండుల్లో వెతికిస్తున్నది ఎవర్నో నాకు తెలియదు గానీ, ఈ చీర మనిషిని మాత్రం కాదు."

కోటిలింగం నవ్వాడు. "చీర చూసి హంతకుల్ని వదిలేసే చట్టం ఇంకా రాలేదు."

"రెండు మ్యూజియాల్లోనూ ఆ సంతకాలు నేనూ చూశాను. రెండు పేర్లూ ఒకే చేతివి, ఒకే పెన్నువి. పక్కన మనిషి ఉంటే ఆమె పేరు ఆమే రాసేది కదా. పైగా 'మళ్లీ వచ్చాం' అన్నాడు. అంటే ఇంతకుముందు ఎప్పుడో వచ్చారు. పద, ఇక్కడి బుక్కు కూడా చూద్దాం."

మ్యూజియం లాడ్జికి రెండు ఫర్లాంగులు. పాత సత్రంలో రెండు గదులు. పత్తి చేలు దున్నుతుంటే బయటపడిన రాళ్లని ఊరి పెద్దలు ట్రస్టు పెట్టి అక్కడ చేర్చారు. సెక్రటరీ సీతాపతిగారు. పత్తి వ్యాపారి. తాళాలు మాత్రం ఇరవై తొమ్మిదేళ్లుగా వాచ్‌మన్ బుడాన్ చేతిలోనే ఉన్నాయి.

బుడాన్ వీళ్లని చూడగానే లేచి నిలబడ్డాడు. దేవకుమారి లోపలికి అడుగుపెట్టగానే అతని చూపు ఆమె ముఖం మీద ఆగిపోయింది. పానకాలు అది గమనించాడు.

బల్ల మీద విజిటర్స్ బుక్కు ఉంది. పానకాలు పేజీలు తిప్పాడు. ఆదివారం ఇద్దరు. తర్వాత బుధవారం ఒకరు. మధ్యలో సోమవారం లేదు. పుస్తకం వెన్ను విప్పి చూస్తే కుట్టుదారం దగ్గర సన్నగా, నిటారుగా, బ్లేడుతో కోసిన అంచు కనిపించింది.

"ఈ పేజీ ఎవరు కోశారు బుడాన్?"

"తెలియదయ్యా."

"సోమవారం మాస్టారు వచ్చారా?"

"వచ్చారయ్యా. మూడుంబావుకి. ఐదింటిదాకా ఉన్నారు."

"గంటా ముప్పావు. ఈ రెండు గదులు చూడటానికి పది నిమిషాలు చాలు. ఏం చేశారంతసేపు?"

బుడాన్ చూపు మళ్లీ దేవకుమారి వైపు పోయింది.

"నువ్వు ఆయన్ని ముందే ఎరుగుదువు," అన్నాడు పానకాలు. "ఈ అమ్మాయిని ఇంతకుముందు చూడలేదు నువ్వు. అయినా గుర్తుపట్టినట్టు చూశావు. ఈమె ముఖంలో ఎవరు కనిపించారు?"

బుడాన్ మూలనున్న బీరువా తెరిచి, అట్టలు ఊడిపోయిన పుస్తకాల్లోంచి ఒకటి తీశాడు. వెతుక్కోకుండా ఒక పేజీ విప్పి బల్ల మీద పెట్టాడు. సోమవారం కూడా ఆ పేజీ విప్పే ఉంటారు.

1959 ఫిబ్రవరి. రెండు వరసలు. మొదటి వరసలో జోసఫ్ పేరు, గుంటూరు, అమరావతి మ్యూజియాల్లో చూసిన అదే అక్షరం. రెండో వరస వేరే చేతిరాత. పొట్టి అక్షరాలు, ఒక్కొక్కటీ విడివిడిగా, జాగ్రత్తగా.

"మల్లేశ్వరి. చీరాల. ఈ పేరుతో ఇదే ఆఖరు సంతకం."

దేవకుమారి బల్ల అంచు పట్టుకుంది.

"ఇది మా అమ్మ రాత," అంది.

ఆమె రెండో వరస మీద వేలు పెట్టింది.

"హాస్టల్లో ఉన్నప్పుడు వారానికో ఉత్తరం రాసేది. 'శ్వ' ఇలాగే రాస్తుంది, ఒత్తు కిందికి లాగి. విశ్వాసం అని రాసిన చోటల్లా ఇలాగే ఉంటుంది. ఇది మా అమ్మ రాతేనండి. కానీ అమ్మ పేరు రెబ్కా."

"బాప్తిస్మం తర్వాత రెబ్కా అయ్యుంటుందమ్మా," అన్నాడు పానకాలు.

"అమ్మకి ఎవరూ లేరన్నారు. అనాథ అన్నారు. మిషన్ హాస్టల్లో పెరిగిందన్నారు."

బుడాన్ నేలవైపు చూస్తూ చెప్పాడు. "లేకపోవడమేంటమ్మా. చీరాలలో నేతపనివాళ్ల బిడ్డ. మాస్టారితో వచ్చేసింది. ఆమె అన్నలు ఊరూరా వెతుకుతున్నారు. ఇద్దరూ ఒక ఊరినుంచి ఒక ఊరికి తిరుగుతూ ఇక్కడికొచ్చారు. పగలంతా ఇలాంటి చోట్ల కూర్చునేవాళ్లట. మ్యూజియంలో ఎవరూ వెతకరు కదా. ఇక్కడ రెండు రోజులు మా ఇంట్లోనే ఉంచాం. అప్పుడు ఆమె ఒక ఆకుపచ్చ చీర కట్టుకుంది. తనే నేసుకున్నానని చెప్పింది. పై ఆదివారం చర్చిలో పెళ్లి, పేరు మారిపోతుంది, ఇక్కడ నా పేరు రాసి పోతానంది."

"సోమవారం నాన్న ఏమన్నారు?"

"ఆ చీర సంచిలో పెట్టుకొచ్చారమ్మా. ఈ పేజీ తీసి చూపించమన్నారు. చాలాసేపు చూశారు. 'బుడాన్, మా రెబ్కా ఆ పేరు మళ్లీ ఒక్కసారి కూడా పలకలేదు. పిల్లలకి కూడా చెప్పలేదు. నాకోసం ఒదిలేసుకున్న పేరు. ఆమె తిరిగిన చోటల్లా రాసి వస్తున్నాను' అన్నారు."

దేవకుమారి ఏడవలేదు. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, గొంతు పెంచకుండా, ఒక్కో మాటా చెప్పింది.

"బుధవారం నాన్నని సమాధి చేశామండి. అమ్మ పక్కన చోటుంది. నాన్నే పోయినేడు తనకోసం అడిగి ఉంచుకున్నాడు. ఆ పొద్దునే పేపరు చదివాను. అక్కడ వద్దన్నాను. పాస్టరుగారు రెండుసార్లు అడిగారు. వద్దన్నాను. అమ్మ పక్కన పడుకునే అర్హత లేదన్నాను. అందరి ముందూ అన్నాను. గోడ పక్కన, ముళ్లకంప దగ్గర పెట్టించాను."

కోటిలింగం టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

పానకాలు ఆమెని కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాడు. బుడాన్ కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాడు. గ్లాసు పట్టుకున్నదే గానీ ఆమె తాగలేదు. ఎదురుగా ఉన్న రాతిని చూస్తోంది. కడవ ఎత్తుకున్న ఆడమనిషి బొమ్మ. మోకాలెత్తు పలక. అక్కడున్న రాళ్లన్నిటిలోకీ పెద్దది అదే.

"ఈ బొమ్మ మా ఇంట్లో ఉంది," అంది కాసేపటికి. "అమ్మ కుట్టు మిషను పైన, ఫ్రేము కట్టించి. నాన్న పెన్సిల్‌తో గీసింది. ప్రతి శనివారం దుమ్ము తుడిచేదాన్ని."

"ఆ రెండు రోజుల్లోనే గీశారమ్మా," అన్నాడు బుడాన్.

దేవకుమారి లేచి రాతి దగ్గరికి వెళ్లింది. వేలు పెట్టి పగులు వెంట నడిపింది.

"ఇది అది కాదండి."

"అంటే?"

"అందులో పగులు ఎడమ భుజం దగ్గర మొదలై కడవ మధ్యలోంచి పైకి పోతుంది. ఆ పగులు వదిలేసి గీస్తానని నాన్న అంటే అమ్మ ఒప్పుకోలేదట. ఉన్నది ఉన్నట్టు గీయమందట. ఆ మాట చెప్పుకుని ఇద్దరూ నవ్వేవాళ్లు. ఇక్కడ చూడండి, పగులు కడవ దాకా వెళ్లనే లేదు."

"పాతికేళ్ల కిందటి పెన్సిల్ బొమ్మ. పొరబడి ఉండొచ్చుగా," అన్నాడు కోటిలింగం. ఆ మాటలో ఇందాకటి బిగువు లేదు.

పానకాలు వేలి కణుపులతో పక్కనున్న చిన్న రాతిని తట్టాడు. చప్పుడు బరువుగా వచ్చింది. కడవ బొమ్మని తట్టాడు. డొల్లగా మోగింది. పలకని ఒరిగించి, అడుగున కత్తిమొనతో గీరాడు. తెల్లగా పొడి రాలింది. సున్నం, సిమెంటు.

"నకలు. అసలు రాయి ఎప్పుడు బయటికి పోయింది బుడాన్?"

"రెండేళ్లయిందయ్యా. కడిగించాలని సెక్రటరీగారు పట్టుకెళ్లారు. నెల తర్వాత తెచ్చి పెట్టారు. నాకేం తెలుసు. ఊరివాళ్లకి మాత్రం ఏం తెలుసు."

"మాస్టారికి తెలిసింది. సోమవారం ఆయన ఈ బుక్కులో రాసింది అదే కదా. ఆ పేజీ ఎవరు చదివారు?"

బుడాన్ గోడకి జారగిలబడి నేలమీద కూర్చున్నాడు. యాభై ఐదేళ్ల మనిషి చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

"నేనే చెప్పానయ్యా. మాస్టారు రాయి మారిందంటున్నారు, ఇంట్లో బొమ్మ ఉందట, పై వాళ్లకి రాస్తారట అని సెక్రటరీగారితో నేనే చెప్పాను. దొంగలెవరో మార్చారనుకున్నాను. ఆయన వచ్చి పుస్తకం చూశారు. 'పెద్దమనిషి దగ్గుతున్నాడంటున్నావు, మిరియాల పాలు పంపిస్తాను, ఇచ్చిరా' అన్నారు. ఫ్లాస్కు ఇచ్చారు."

"ఎన్నింటికి ఇచ్చావు?"

"ఆరుంబావుకి. మాస్టారు రెండు గ్లాసుల్లో పోశారు. నువ్వూ తాగు బుడాన్ అన్నారు. మా ఇంటిది ఎదురుచూస్తుంటుంది, మీరు తాగండి, దగ్గు తగ్గుతుందన్నాను. బతిమాలి తాగించానయ్యా. నా చేత్తో గ్లాసు అందించాను."

దేవకుమారి రాతి దగ్గర్నుంచి అతని వైపు తిరిగింది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు కోటిలింగం.

"మంగళవారం సెక్రటరీగారు పిలిచి, పాలు నువ్వు తీసుకెళ్లావని తెలిస్తే ఉరేస్తారు అన్నారయ్యా. పాలల్లో ఏమీ లేదు, ఆ ఆడమనిషే ఏదో పెట్టిందన్నారు. పేపర్లో కూడా అట్లాగే వచ్చింది. నేను నమ్మాను. నమ్మాలనిపించింది."

దేవకుమారి అతని ముందు కూర్చుంది. అతని చేతులు ముఖం మీంచి తీసింది.

"ఆయన బాధపడ్డారా?"

"లేదమ్మా. నేనున్నంతసేపూ మీ అమ్మ గురించే చెప్పారు."

ఆమె తల ఊపింది. అతని చేతులు వదల్లేదు.

పానకాలు కిటికీలోంచి రోడ్డు చూస్తూ అన్నాడు. "బుడాన్, ఇవాళ సీతాపతి కనిపించాడా? నేను వస్తున్నట్టు ఆయనకి తెలుసా?"

"తెలుసయ్యా. లాడ్జికి రాత్రే కబురొచ్చింది కదా. పొద్దున తొమ్మిదింటికి మా ఇంటికే వచ్చారు. నువ్వు రెండు రోజులుగా తిండి తినడం లేదట, ఈ పాలు తాగు అని..."

బుడాన్ ఆగిపోయాడు. తను ఏం చెబుతున్నాడో అప్పుడు అతనికి అర్థమైంది.

"ఫ్లాస్కు ఎక్కడుంది?"

"మా ఇంటిది ఖుర్షిదా దగ్గర. ఇంట్లో."

అంతే. నలుగురూ ఒకేసారి బయటికి పరుగెత్తారు. ఇల్లు సత్రం వెనక సందులో ఉంది. ముందు కోటిలింగం, వెనక పానకాలు. మిరపకాయలు ఆరబోసిన చోట అడ్డంగా తొక్కుకుంటూ పోయారు. బుడాన్ రెండుసార్లు పడ్డాడు. రెండోసారి దేవకుమారి లేపి నడిపించింది.

ఖుర్షిదా వసారాలో చేటతో మిరప తొడిమలు తీస్తోంది. పక్కన ఫ్లాస్కు. దాని మూత తీసి ఉంది. కోటిలింగం ఫ్లాస్కు లాక్కున్నాడు.

"తాగావా?" అంటూ బుడాన్ వసారా ఎక్కాడు.

ఆమె పోలీసుని చూసి బెదిరిపోయి లేచింది. "వాసన చూసి పెట్టాను. నువ్వు రాలేదుగా ఇంకా. నువ్వు తాగకుండా నేనెప్పుడు తాగాను?"

బుడాన్ ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. దేవకుమారి వసారా స్తంభానికి నుదురు ఆనించి అప్పుడు ఏడ్చింది. నాలుగు రోజులుగా గొంతులో ఆపుకున్నదంతా ఒక్కసారిగా వచ్చింది. అమ్మని ఆ పాత పేరుతో ఒకసారి పిలిచింది. నాన్నని క్షమించమంది. ఖుర్షిదాకి ఏమీ అర్థం కాకపోయినా చేట కింద పెట్టి వచ్చి ఆమె తల తన భుజానికి ఆనించుకుంది.

కోటిలింగం ఫ్లాస్కుని జేబురుమాలులో చుడుతూ పానకాలు పక్కకి వచ్చాడు. "ఇద్దరూ పోతే పశ్చాత్తాపంతో తాగి చచ్చారని కేసు మూసేసేవాణ్ణి," అన్నాడు మెల్లగా. "నేనే మూసేసేవాణ్ణయ్యా. పద. సీతాపతి ఇంటికి పోదాం."

"ఇంట్లో లేరండి," అంది ఖుర్షిదా. "కారులోనే వచ్చారు పొద్దున. ఫ్లాస్కు ఇచ్చి అట్నుంచి అటే వెళ్లిపోయారు."

"ఎటు?"

"వేటపాలెం. మాస్టారి ఇంటివాళ్లని పలకరించి రావాలన్నారు."

పానకాలు గడియారం చూసుకున్నాడు. పన్నెండున్నర. తొమ్మిదింటికి బయల్దేరిన కారు. ఈపాటికి చీరాల దాటి ఉంటుంది. అసలు రాయి ఎలా ఉండేదో చెప్పడానికి లోకంలో మిగిలిన సాక్ష్యం ఒక్కటే, గోడకి వేలాడే పెన్సిల్ బొమ్మ. అది ఎక్కడుందో సీతాపతి బుడాన్ చేతే చెప్పించుకున్నాడు.

"పోస్టాఫీసులో వేటపాలెం పోలీసులకి ట్రంకు కాల్ పట్టు," అన్నాడు కోటిలింగంతో. కోటిలింగం అప్పటికే సందు చివరికి పరుగెడుతున్నాడు.

పానకాలు దేవకుమారి వైపు తిరిగాడు. ఆమె ఏడుపు ఆపి అతని ముఖమే చూస్తోంది.

"ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారమ్మా?"

"జయకుమారి," అంది. "మా చెల్లెలు. ఒక్కతే ఉంది. నాన్న గురించి పలకరించడానికి ఎవరొచ్చినా లోపల కూర్చోబెట్టమని నేనే చెప్పి వచ్చాను."